బరంపురం రాక్ షో: గుంపు మధ్యలోంచి రహస్య రికార్డింగ్ (ప్రాజెక్టు డైరీ)

డిసెంబరు నెలాఖరు

మా బరంపురంలో రాక్ బ్యాండ్లున్నాయంటే విశాఖలో ఉన్న చుట్టాలు ఓ పట్టాన నమ్మరు. పట్టుచీరలు, అప్పడాలు, ఠాకురాణీ జాతర వరకే వాళ్లకి తెలుసు. గిటార్లు తగిలించుకుని సగం తెలుగులో, సగం ఒడియాలో గొంతు చించుకునే కుర్రాళ్లు ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాస్ ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇళ్లలో ఒక భాష, వీధిలో ఇంకో భాష మాకు మామూలే. పాటల్లోనూ అంతే.

వాళ్ల షోలకి గుర్తుగా మిగిలినవి ఫోన్ క్లిప్పులే. వాటిలో పాట వినబడదు. ఫోను శబ్దాన్ని తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి, కిక్ డ్రమ్ పడ్డప్పుడల్లా మిగతాదంతా కిందకి నొక్కుకుపోయి మళ్లీ పైకి లేస్తుంది. పాడేవాడి గొంతు ఊపిరాడనట్టు ఉంటుంది. ఇంకో రెండేళ్లకి ఫోన్లు మారిపోతాయి, ఆ క్లిప్పులూ ఉండవు. మా వీధి బ్యాండు పాత బాసిస్టు ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాడు. అతను వాయించిన షోల్లో ఒక్కటి కూడా పూర్తిగా లేదు.

అందుకే ఈ ప్రాజెక్టు. ఫిబ్రవరిలో ఊరి చివర ఒక కాలేజీ ఫెస్ట్‌లో మా వాళ్ల షో ఉంది. దాన్ని జనం మధ్యలో నిలబడి, ఎవరికీ తెలియకుండా, మొదటినుంచి చివరిదాకా శుభ్రంగా రికార్డు చెయ్యాలి.

రహస్యం ఎందుకంటే, మొదటి సంగతి గేటు దగ్గర సంచులు వెతుకుతారు; రికార్డర్లు, కెమెరాలు లోపలికి రానివ్వరు. రెండోది, మైకు కనబడితే చాలు, పక్కనున్నవాడు దాంట్లోకి ఈల వేస్తాడు. అన్నిటికంటే పెద్ద కారణం బ్యాండే. రిహార్సల్‌లో మైకు ఎదురుగా పెడితే ఆ కుర్రాళ్లు బిగుసుకుపోతారు. తప్పు పోకుండా వాయించాలనే టెన్షన్‌తో పాటలో ప్రాణం పోతుంది. నాకు కావలసింది వాళ్లు తమని తాము మర్చిపోయి వాయించే రాత్రి.

జనవరి మొదటి వారం

ఇలాంటి పనికి పెద్ద చరిత్రే ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో లైబ్రేరియన్‌గా ఉన్న లయొనెల్ మేపుల్సన్ 1901 నుంచి 1903 దాకా ఎడిసన్ మైనపు సిలిండర్ల మీద ప్రదర్శనలు రికార్డు చేశాడు. లాస్ ఏంజెలెస్‌లో మైక్ మిలార్డ్ 1977లో లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు కచేరీలకి నకమిచి 550 అనే బరువైన క్యాసెట్ రికార్డరును వీల్‌చెయిర్‌లో దాచి తీసుకెళ్లేవాడు. ఆ టేపులు ఇవాళ వింటే కూడా హాలు ఎంత పెద్దదో చెవికి తెలుస్తుంది. ఇప్పుడు నా రికార్డరు చొక్కా జేబులో పడుతుంది. దాచడం నాకు పెద్ద సమస్య కాదు. హోరు తట్టుకోవడమే సమస్య.

రాక్ షోలో స్పీకర్లకి దగ్గరగా శబ్దం 110 డెసిబెల్స్ దాటడం మామూలు. రికార్డరు ఇచ్చే రెండు మూడు వోల్టులతో నడిచే చిన్న ఎలెక్ట్రెట్ మైకు (లోపలి పొరలో విద్యుత్ చార్జి నిలవ ఉండే రకం) ఆ హోరులో చేతులెత్తేస్తుంది. రికార్డింగ్ లెవెల్ ఎంత తగ్గించినా లాభం లేదు, చెడిపోయేది మైకు లోపలే. ఇప్పుడు ఎంత సన్న, ఎంత గట్టి శబ్దమైనా పట్టే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాయి, లెవెల్ చూసుకోనక్కర్లేదంటారు. నిజమే, కానీ మైకులోనే పగిలిపోయిన శబ్దాన్ని అవి కూడా అతికించలేవు. అందుకని డబ్బు రికార్డరు మీద పెట్టలేదు. ఉన్న 24 బిట్ రికార్డరే ఉంచి, పనంతా మైకుల మీద పెడుతున్నాను.

క్యాప్సూళ్లు, అంటే మైకులో శబ్దం పట్టే గుళికలు, ఆరు మిల్లీమీటర్లవి, విశాఖ నుంచి తెప్పించాను. పక్షుల కూతలకి వాడే అతి సున్నితమైన రకం ఇక్కడ పనికిరాదు. తక్కువ సున్నితత్వం ఉన్నవే కావాలి.

సంక్రాంతి తర్వాత

గేట్ బజార్ దగ్గర రేడియో రిపేరు కొట్టున్న మావయ్య దగ్గర కూర్చుని పని మొదలుపెట్టాను. ఆయనకి డెబ్బై దాటాయి. అయినా బల్ల దీపం కింద చెయ్యి వణకదు.

"ఏటి అల్లుడూ, ఇంత చిన్నదానికి మూడు వైర్లు ఎక్కడ అంటిస్తావు?" అన్నాడు.

ప్రశ్న సరైనదే. క్యాప్సూల్ లోపల ఒక చిన్న ఎఫ్‌ఈటీ ట్రాన్సిస్టర్ ఉంటుంది. మామూలుగా రెండు వైర్లతో కలిపితే అది శబ్దాన్ని పెంచి పంపుతుంది, ఆ పెంచడంలోనే గట్టి శబ్దాల దగ్గర వోల్టేజీ చాలక శబ్ద తరంగాల తలలు తెగిపోతాయి. స్పీకర్ల డిజైనరు జీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ పానసోనిక్ డబ్ల్యూఎం-61ఏ క్యాప్సూల్ మీద చేసి చూపించిన మార్పు ఒకటుంది. వెనకవైపు ట్రాన్సిస్టర్ కాలు ఒకదాన్ని క్యాప్సూల్ డబ్బాతో కలిపే సన్నని రాగి గీతని కోసేసి, మూడో వైరు విడిగా తీసుకోవాలి. అప్పుడు ట్రాన్సిస్టర్ శబ్దాన్ని పెంచదు, ఉన్నదాన్ని ఉన్నట్టు అందిస్తుంది. ఎక్కువ హోరు తట్టుకుంటుంది.

చెప్పినంత సులువు కాదు. క్యాప్సూల్ వెనకభాగం కందిపప్పు బద్దంత ఉంటుంది. మావయ్య దాన్ని తడిగుడ్డ చుట్టిన పట్టకారులో బిగించి, కంటికి గడియారాల వాళ్ల భూతద్దం పెట్టుకుని, కొత్త బ్లేడు మూలతో గీతని గీరాడు. రాగి పొడి ఊదేసి మల్టీమీటరు పెట్టి చూశాడు. మోగలేదు, అంటే తెగింది. తర్వాత సోల్డరింగ్. ఎలెక్ట్రెట్ పొరలో నిలవ ఉండే చార్జి వేడికి పోతుంది కాబట్టి, ఐరన్ ఇలా తాకించి అలా తీసెయ్యాలి. తడిగుడ్డ అందుకే. మూడు వైర్లు, ఒక్కో దానికీ మధ్య చల్లారేదాకా ఆగడం. ఆ కాసేపూ కొట్లోకి వచ్చిన బేరాలకి ఆయన తలెత్తి జవాబు కూడా చెప్పలేదు.

బ్యాటరీ పెట్టె నేను చేశాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పది కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, ఒక్కో చానల్‌కీ ఒక కెపాసిటర్. కింది శబ్దం ఎక్కడ తెగుతుందో తేల్చేది కెపాసిటరే కాబట్టి దాని విలువ మీద చాలా ఆలోచించాను. నా రికార్డరు లైన్-ఇన్ (బయటి వైరు గుచ్చే చోటు) ఇంపీడెన్స్, అంటే విద్యుత్తుకి అడ్డు, పది కిలో ఓమ్‌లు. 0.1 మైక్రోఫారడ్ పెడితే సుమారు 160 హెర్ట్జ్ నుంచి కిందకి శబ్దం తగ్గిపోతుంది. రహస్యంగా రికార్డు చేసేవాళ్లు చాలామంది బాస్ హోరు పోవడానికి అలా పెడతారు. కానీ బాస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్. అక్కడ కోసేస్తే బాసిస్టు సగం లేనట్టే. పుణె వెళ్లిపోయిన వాడి సంగతి మనసులో ఉంది. 4.7 మైక్రోఫారడ్ పెట్టాను, బాస్ మొత్తం వస్తుంది. ఎక్కువైతే ఇంట్లో కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు. లేనిదాన్ని పెంచలేం.

జనవరి చివర

పరీక్షకి పెళ్లి ఊరేగింపు దొరికింది. వ్యాన్ నిండా డీజే బాక్సులు, ముందు డాన్సులు. మార్చిన క్యాప్సూల్ ఒకటి, మార్చనిది ఒకటి, రెండూ ఒకే చోట చొక్కా కాలరుకి పెట్టి వ్యాన్ పక్కన నడిచాను. ఇంటికొచ్చి తరంగాలు తెరిచి చూస్తే తేడా కంటికే కనబడింది. మార్చనిదానిలో ప్రతి దెబ్బకీ శిఖరం బల్లపరుపుగా తెగి ఉంది. మార్చినదానిలో శిఖరాలు గుండ్రంగా, పూర్తిగా ఉన్నాయి. వింటే ఇంకా తేడా: ఒకటి బరబరా చిరిగిన శబ్దం, ఇంకోటి డోలు.

కాలరు మాత్రం మంచి చోటు కాదు. మెడ తిప్పితే గుడ్డ రాపిడి వినబడుతోంది, పైగా ముందున్న వాళ్ల ఒళ్లు సన్న శబ్దాలని మింగేస్తోంది. డ్రమ్స్‌లోని సింబల్స్ అనే ఇత్తడి పళ్లేల మెరుపు శబ్దం జనం తలల మీదుగానే వస్తుంది. కాబట్టి టోపీ. రెండు చెవుల పైన టోపీ లోపలి పట్టీలో చెరో క్యాప్సూల్, వైర్లు వెనక కుట్టులోంచి చొక్కా లోపలికి. మా అమ్మ నల్ల దారంతో వైరుని అంగుళానికొకటి చొప్పున కుట్టు వేసి కదలకుండా చేసింది. ఆ తర్వాత రాపిడి పోయింది. రెండు మైకుల మధ్య తల అడ్డుగా ఉండటం వల్ల ఎడమ, కుడి సహజంగా విడిపోతాయి. ఒక షరతు ఉంది. తల తిప్పితే స్టేజీ మొత్తం తిరిగినట్టు వినబడుతుంది. అందరూ తలలు ఊపుతున్న చోట నేను మెడ కదపకూడదు.

ఫిబ్రవరి, షోకి ముందు

చట్టం సంగతి కూడా చదివాను. ప్రదర్శన ఇచ్చినవాళ్ల అనుమతి లేకుండా దాన్ని రికార్డు చెయ్యకూడదని 1957 కాపీరైట్ చట్టం 38, 38ఏ సెక్షన్లు వాళ్లకి హక్కు ఇస్తాయి, ఆ హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. సొంతానికి వినడానికి చేసుకునే రికార్డింగ్‌కి 39వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అంటే నా దగ్గర ఉంచుకునేంతవరకే. ఎవరికైనా పంపాలంటే వాళ్లని అడగాల్సిందే.

నాకు చట్టం కంటే గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు చేసిన పని నచ్చింది. వాళ్లు 1984లో శబ్దాలన్నీ కలిపి సర్దే మిక్సర్ టేబుల్ వెనక రికార్డు చేసుకునే వాళ్లకని విడిగా సీట్లే ఇచ్చారు. ఆ టేపుల్ని అమ్మకూడదు, పంచుకోవచ్చు. మన దగ్గర ఆ అలవాటు ఇంకా రాలేదు. నేను పెట్టుకున్న నియమం ఇది: మొదటి కాపీ బ్యాండుకే. వాళ్లు వినేదాకా ఇంకెవరూ వినరు. వాళ్లు చెరిపెయ్యమంటే చెరిపేస్తాను.

ముందురోజు సాయంత్రం మైదానం చూసొచ్చాను. వెదురు కట్టిన స్టేజీ, రెండు వైపులా స్పీకర్ గుట్టలు, మధ్యలో మిక్సర్ టేబుల్‌కి వెదురు కంచె. సౌండ్ ఇంజనీరు తనకి బాగా వినబడేట్టే సర్దుతాడు కాబట్టి ఆ కంచెకి కొంచెం ముందు నిలబడటమే మంచిది. జనరేటరు స్టేజీకి ఎడమవైపు వెనకుంది. దాని 50 హెర్ట్జ్ హమ్ అక్కడిదాకా రావడం లేదు.

షో రాత్రి

రికార్డరు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. గంటకి ఒక జీబీ చొప్పున కార్డు నిండుతుంది. ఎర్రలైటు మీద నల్ల టేపు, బటన్లకి లాక్. కొత్త బ్యాటరీ. టోపీ కింద చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు కూడా పెట్టుకున్నాను. వంద డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలు దాటితే చెవికి ముప్పని అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. రికార్డింగులు వినడానికి చెవులు మిగలాలి కదా.

గేటులో జేబులు తడిమారు. రికార్డరు పక్కనే తాళాల గుత్తి, ఫోను ఉన్నాయి. వదిలేశారు. మా బావ నా వెనక నిలబడటానికి ఒప్పుకున్నాడు, కారణం అడగలేదు. "రాత్రిపూట టోపీ ఏటి బావా, మంచు పడతాదనా?" అన్నాడంతే.

మొదటి పాటకే ముందు వరసల్లో కుర్చీలు పైకి లేచాయి. రెండో పాటకి నీళ్ల ప్యాకెట్లు ఎగిరాయి. ఎవడో వెదురు కంచె ఎక్కితే కానిస్టేబులు లాఠీతో వెదురు మీద టకటకా కొట్టాడు. ఆ టకటక కూడా రికార్డులో ఉంది, సరిగ్గా తాళంలో పడింది. జనం కెరటంలా ముందుకి తోస్తుంటే బావ రెండు చేతులూ చాపి వెనకనుంచి ఆపాడు. నేను చప్పట్లు కొట్టకూడదు. అరవకూడదు. మెడ తిప్పకూడదు. పక్కనున్న కుర్రాడు నా భుజం మీద చెయ్యేసి గెంతుతుంటే మోకాళ్లతో గెంతాను, తల మాత్రం నిటారుగా పెట్టాను. ఇంత ఇష్టమైన షోలో ఇలా నిలబడటం కష్టంగానే ఉంది.

పదయ్యింది. లౌడ్‌స్పీకర్లు రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మోగకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు. చివరి పాట సగంలో ఉంది. నిర్వాహకులు సౌండ్ ఆపించేశారు. స్టేజీ లైట్లున్నాయి, స్పీకర్లు చచ్చిపోయాయి.

డ్రమ్మరు ఆపలేదు.

మైకు లేదు, ఆంప్లిఫయర్ లేదు. ఒట్టి డ్రమ్స్ చప్పుడు దూరంగా. రెండు క్షణాలు ఏమీ అర్థం కాలేదు ఎవరికీ. తర్వాత ముందు వరసలో ఎవరో పల్లవి అందుకున్నారు. అది తెలుగు లైను. తర్వాతి లైను ఒడియా, దాన్ని కుడివైపు గుంపు అందుకుంది. నిమిషంలో మైదానమంతా పాడుతోంది. గాయకుడు స్టేజీ అంచున కూర్చుని చేత్తో తాళం వేశాడు. పాట అయిపోగానే "ఆఉ గొటే! ఆఉ గొటే!", "ఇంకోటి! ఇంకోటి!" అని రెండు అరుపులూ కలిసిపోయాయి.

మర్నాడు

రాత్రంతా నిద్ర లేదు, కానీ పొద్దున్నదాకా ఫైలు తెరవలేదు. ముందు కార్డులోంచి రెండు డిస్కుల్లోకి కాపీ, తర్వాతే వినడం.

శిఖరాలు ఎక్కడా తెగలేదు. అతి గట్టి చోటు రికార్డరు పట్టగల పూర్తి స్థాయికి ఆరు డెసిబెల్స్ కింద ఉంది. బాస్ కొంచెం ఎక్కువే, వంద హెర్ట్జ్ చుట్టూ మూడు డెసిబెల్స్ తగ్గిస్తే సర్దుకుంది. నాయిస్ రిడక్షన్ లాంటివి ఏవీ వాడలేదు. అవి జనం హోరుని నీళ్లలో ముంచినట్టు చేస్తాయి.

నా భయమంతా స్పీకర్లు ఆగిన తర్వాతి భాగం గురించే. రాక్‌కి పెట్టిన లెవెల్‌లో ఒట్టి మనుషుల గొంతులు ఎంత సన్నగా పడతాయో! తెరమీద గీత దాదాపు నేలకి అంటుకుపోయింది. ఆ భాగం వరకు ముప్పై డెసిబెల్స్ పెంచాను. 24 బిట్లు ఉపయోగపడేది ఇలాంటి చోటే. ఒక్కో బిట్‌కీ సుమారు ఆరు డెసిబెల్స్ లెక్కన, కిందెంత లోతున పడినా ఇంకా చోటుంటుంది. మైకు బుస కొద్దిగా పైకి తేలింది కానీ గొంతులు నిలబడ్డాయి.

అందులో ఇంకో సంగతి విన్నాను. జనం పాడుతున్నది ఒక్కసారిగా వినబడదు. ముందు వరసల పల్లవి నా దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలు ఇంకా అదే మాట మీద ఉన్నాయి. ధ్వని సెకనుకి 343 మీటర్లు పోతుంది, అంటే ముప్పై నాలుగు మీటర్లకి సెకనులో పదోవంతు. స్టేజీ దగ్గర మొదలైన మాట వెనక్కి పాక్కుంటూ పోవడం రెండు చెవుల్లో తెలుస్తుంది. మైదానం ఎంత పొడవో పాటే చెబుతుంది. మిక్సర్ టేబుల్ నుంచి తీసిన రికార్డింగ్‌లో ఈ భాగమే ఉండదు, అక్కడ మైకులన్నీ ఆగిపోయాయి కాబట్టి. ఆ రాత్రి ఈ ఊరు ఎలా పాడిందో గుంపులో ఉన్న మైకుకే తెలుసు. ఇన్ని వారాల పనీ ఆ నాలుగు నిమిషాల కోసమే చేశానేమో అనిపించింది.

రెండు పాటల మధ్య నా పక్కన ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మాట్లాడుకున్న మాటలు స్పష్టంగా పడ్డాయి. అవి వాళ్ల సొంత విషయాలు. మాస్టర్, అంటే అసలు ఫైల్లోనే ఆ పన్నెండు సెకన్లు తీసేసి, ఇంకో చోటి జనం సందడితో అతికించాను.

మార్చి మొదట

కోర్టుపేటలో డ్రమ్మరు వాళ్ల మేడ మీద బ్యాండుని కూర్చోబెట్టి మొత్తం వినిపించాను. ముందే విషయం చెప్పాను. గాయకుడికి కోపం వచ్చింది.

"మాకు ఒక్క మాట చెప్పొచ్చు కదన్నా."

"చెబితే ఇలా పాడేవాడివా?"

జవాబు చెప్పలేదు, విన్నాడు. బాసిస్టు మాత్రం రెండో పాటకే ముందుకి వంగాడు. "నా బాస్ ఇంత వినబడతాందేటి అన్నా! స్టేజీ మీద నాకే వినబళ్లేదు." డ్రమ్మరు నాలుగో పాటలో తను పరిగెత్తిన చోట వేలు చూపించి, ఇంకోసారి పెట్టించుకుని, కాగితం మీద రాసుకున్నాడు. స్పీకర్లు ఆగిన చోటు వచ్చాక ఎవరూ మాట్లాడలేదు. అయిపోయాక గాయకుడే వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు.

వాళ్ల నిర్ణయం: కొత్త పాట ఒకటి ఇంకా పూర్తి కాలేదు, అది బయటికి రాకూడదు. మిగతావన్నీ స్నేహితులకి ఇవ్వొచ్చు, డబ్బుకి కాదు. చివరి భాగాన్ని విడిగా ముందు ఇవ్వాలి. కొత్త పాట ఉన్న ఫైలు వాళ్ల డిస్కులోకి మార్చి, నా దగ్గరున్న కాపీలు వాళ్ల ఎదురుగానే చెరిపేశాను. మిగతావి ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మార్చాను, నాణ్యత పోకుండా సైజు తగ్గుతుంది. పక్కనే ఒక టెక్స్ట్ ఫైలు: తేదీ, చోటు, ఏ క్యాప్సూళ్లు, ఏ బ్యాటరీ పెట్టె, ఏం మార్చాను, ఎక్కడ నిలబడ్డాను. పదేళ్ల తర్వాత ఎవరి చేతికి దొరికినా ఇది ఎక్కడిదో తెలియాలి. పుణెకి ఒక కాపీ వెళ్లింది.

ఇంకో షరతు గాయకుడు పెట్టాడు. ఇకనుంచి బ్యాండులో ఒక్కరికైనా ముందు తెలియాలి, ఆ ఒక్కరూ మిగతావాళ్లకి చెప్పకూడదు. ఎవరికన్నది చీటీ వేసి తీస్తారట, నాకు కూడా షో రోజే చెబుతారు. నాకు నచ్చింది.

తర్వాతి షో గోపాల్‌పూర్‌లో, సముద్రం ఒడ్డున. అక్కడ హోరు కంటే గాలి పెద్ద సమస్య. టోపీలో ఉన్న పల్చటి ఫోమ్ ఆగదు, బొచ్చు గుడ్డ కావాలి, అది టోపీ మీద కనబడకూడదు. మావయ్య కొట్లో పాత బొమ్మ ఎలుగుబంటి ఒకటి ఉంది. ముందు దాని బొచ్చు ముక్క ఒకటి క్యాప్సూల్ మీద కప్పి, టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి చూడాలి.